తడవని ఆకు, విడవని ఆకు

కొండకర్ల ఆవలో పడవంటే రెండు తాటిమానులు. వాటిని దోనెల్లా తొలిచి, పక్కపక్కన చేర్చి కట్టేస్తారు. నీటికి అంత దగ్గరగా కూర్చోబెట్టే పడవ ఇంకొకటి నేనెరగను. చెయ్యి చాపక్కర్లేదు, వేళ్లు వాల్చితే తామరాకు తగులుతుంది. దోనె నడిపే పెద్దాయన దోసెడు నీళ్లు తీసి ఆకు మీద పోశాడు.

“ఎంత వానొచ్చినా ఇది తడవదు బాబూ” అన్నాడు.

నీళ్లు పాదరసంలా చితికి, గుండ్రటి బొట్లయి, ఆకు నడిమి గుంటలోకి పరుగెత్తి అక్కడ ఒకటై వణుకుతూ నిలిచాయి. ఆ బొట్టులో కొండ తలకిందులుగా ఉంది. పెద్దాయన ఆకును కాస్త ఒంచాడు, కొండతో సహా బొట్టు జారిపోయింది. తడిమి చూశాను. పొడి.

1997లో జర్మనీలోని బాన్ వృక్షశాస్త్రజ్ఞులు విల్‌హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టాఫ్ నైన్‌హూయిస్ ఈ పొడితనం గుట్టు లోకానికి విప్పి చెప్పారు. ఆకు నిండా కంటికి ఆనని బుడిపెలు, బుడిపెల మీద నూరు నానోమీటర్ల మందాన మైనపు గొట్టాలు. మన వెంట్రుక మందంలో అలాంటివి కొన్ని వందలు పడతాయి. బొట్టు ఆ కొసల మీద మాత్రమే ఆనుతుంది, కింద ఉన్నది చాలావరకూ గాలే. విరక్తికి ఉపమానంగా తామరాకును మనవాళ్లు వాడి వాడి అరగదీశారు కానీ, ఈ కొలతలు తెలిశాకే నాకా పోలిక మళ్లీ కొత్తగా వినబడింది.

ఇదే ఆకును ముక్కలు చేసి నీళ్లలో మరిగిస్తే రెండో స్వభావం బయటపడుతుంది. మైనమంతా పైపైనే. లోపల క్వెర్సెటిన్ కుటుంబపు ఫ్లేవనాయిడ్లు, ఇంకా రకరకాల పాలిఫినాల్స్. వాటి సొమ్ము ఎలక్ట్రాన్లు, అడిగినవాడికి ఇచ్చేస్తాయి. 2011లో తమిళనాడు పరిశోధకులు తామరాకు కషాయంతో వెండి నానోకణాలు చేసి దోమల లార్వాల మీద ప్రయోగించారు. ఆకుతో లోహానికి నానో రూపమిచ్చే ఈ పనిని విశాఖలో ఒక కాలేజీ ల్యాబులో పక్కన నిలబడి చూశాను.

సిల్వర్ నైట్రేట్ ద్రావణం మంచినీళ్లలా ఉంది. పల్చటి టీ రంగు కషాయం అందులో కొంచెం పోశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత లేత పసుపు. ఆ తర్వాత తేనె. గంట గడిచేసరికి, అనకాపల్లి బెల్లం పెనంలో చెరకు రసం పాకానికొచ్చేముందు తిరిగే రంగుంటుందే, అచ్చం అది. ఎవరూ కలపలేదు, ఎవరూ మాట్లాడలేదు.

ఆ రంగుకి రంగుపొడి కారణం కాదు. వెలుగు తగలగానే వెండి తునకలోని ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా ఊగుతాయి, ఆ ఊపులో ఊదా, నీలం వెలుగుల్ని మింగుతాయి, మిగిలింది మన కంటికి చేరుతుంది. బంగారమైతే ఆకుపచ్చను మింగి కెంపులా ఎర్రబడుతుంది. 1857లో మైకేల్ ఫెరడే ఆ ఎర్రని బంగారపు నీళ్లనే పట్టుకుని కూర్చున్నాడు, అది లోహపు సన్నదనం పలికించే రంగని గ్రహించాడు. బంగారపు ఎరుపు చూడగానే కట్టిపడేస్తుంది. అయినా నా ఓటు వెండికే. అది మెల్లగా పండుతుంది, చూసేవాడి ఓపికను కూడా రంగులో కలుపుకుంటుంది.

ఇంతకన్నా నన్ను కదిలించింది, ఇచ్చే చెయ్యీ ఆపే చెయ్యీ ఒకటే కావడం. ఆకు రసం ఎలక్ట్రాన్లిచ్చి వెండిని కణంగా కూడగడుతుంది. తర్వాత ఆ రసంలోని అణువులే చుట్టూ కవచంలా అల్లుకుని, కణాన్ని అతిగా పెరగనివ్వవు. ఏది ఎక్కడ ఎంతవరకో తెలియడాన్ని ఆలంకారికులు ఔచిత్యమన్నారు. కేన్సర్ కణం పోగొట్టుకున్నది సరిగ్గా ఆ తెలివినే.

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో చిత్తరంజన్ పాత్ర బృందం ఓలాక్స్ స్కాండెన్స్ అనే పొద ఆకుల కషాయంతో చేసిన వెండి నానోకణాల గురించి 2014లో ప్రకటించింది. వాళ్లు వాటిని పరీక్షించిన కేన్సర్ కణాల్లో ఎంసీఎఫ్-7 ఒకటి. 1970లో రొమ్ము కేన్సర్‌తో ఉన్న ఒక క్రైస్తవ సన్యాసిని శరీరం నుంచి డెట్రాయిట్ పరిశోధకులు తీసి పెంచిన కణాలవి. అన్నీ వదులుకున్న ఆమె కణాలు నేటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో బతుకుతూ మందుల్ని పరీక్షకు పెడుతున్నాయి. ల్యాబులోని గాజు పళ్లెంలో పొద ఆకుల వెండి కేన్సర్ కణాల్ని చంపింది. పైగా ఏ రంగూ పూయకుండానే కణం లోపల ఎర్రగా వెలిగి, తానెక్కడుందో తానే చెప్పింది. కావ్యంలో చెప్పకుండా చెప్పడం ధ్వని అయితే, దీన్ని ఇంకేమనాలి!

ఇది గాజు పళ్లెం దాకా వచ్చిన కథ. వెండి మంచి కణాల్నీ గాయపరచగలదు, ఎంత మోతాదు, ఎక్కడ పేరుకుంటుంది అన్నవి తేలాలి. ఆకు కషాయం తాగి గడ్డ కరుగుతుందని ఎదురుచూడొద్దని మా అక్కచెల్లెళ్లందరినీ వేడుకుంటున్నాను. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన రోజే బయల్దేరాలి. ఈ ఆవకి ఎంతో దూరంలో లేని అగనంపూడిలోనే హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది.

చెట్టూ నానో కలిసి నిజంగా రోగి దగ్గరికి చేరిన కథ మరొకటుంది. పసిఫిక్ యూ చెట్టు బెరడులోని టాక్సాల్‌ది అది. బెరడు సేకరించింది 1962లో, మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ దాని నిర్మాణం తేల్చింది 1971లో. కణం రెండుగా చీలేటప్పుడు వేసుకునే దారాల పందిరిని అది విప్పుకోనివ్వకుండా బిగించేస్తుందని 1979లో సుసాన్ హార్విట్జ్ చూపింది. చిక్కల్లా, ఆ మందు కూడా తామరాకు లాంటిదే, నీటితో పొత్తు లేదు. ఆముదం నుంచి తయారుచేసిన ద్రావకంలో కరిగించి ఎక్కిస్తే కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చేది. చివరికి మన రక్తంలో ఉండే ఆల్బుమిన్ ప్రోటీన్‌తో జతచేసి 130 నానోమీటర్ల కణాలుగా మలిచారు. శరీరమంతా పాకిన రొమ్ము కేన్సర్‌కు 2005లో అమెరికాలో అనుమతి దొరికింది. నీటికి అంటనిది నెత్తురుకి అంటింది.

దోనె వెనక్కి తిరిగేటప్పుడు దాని అంచు తగిలి ఒక తామర కాడ విరిగింది. పెద్దాయన ఆ రెండు ముక్కల్నీ నా ముందుకి తెచ్చి మెల్లగా విడదీశాడు. మధ్యలో సాలెపోగుల్లాంటి దారాలు సాగాయి. ఇంకా సాగాయి. ఎండ వాటి మీద పడింది. జానెడు దూరం వచ్చినా తెగలేదు.