తెలుగు కొనుధాతువును ఫ్రెంచి ఆత్మార్థకక్రియలును

ఫ్రెంచిభాష నభ్యసించు నాంధ్రవిద్యార్థికి మొట్టమొదట దారి తప్పించునది ‘సె’ అను చిన్నమాట. కర్త ననుసరించి యిది ‘మె’, ‘తె’ మున్నగు రూపములను దాల్చును. క్రియకు ముందు ఈ మాట నిలిచినపుడు దానిని తెలుగు కొనుధాతువుతో సరిపెట్టుట సహజముగా దోచును. ‘లవే’ యనగా కడుగుట. ‘సె లవే’ యనగా కడుగుకొనుట. కావున ‘సె’ యే ‘కొను’ అని యూహ. ఈ సమీకరణము సులభమే కాని నిలుచునది కాదు. ఏల నిలువదో విచారించినచో ఫ్రెంచిక్రియల భేదమే కాక తెలుగు కొనుధాతువు స్వభావమును స్పష్టపడును.

ఇది కేవల కుతూహలవిషయము కాదు. గోదావరీతీరమందలి యానాము 1954 వఱకు ఫ్రెంచిపాలనమున నుండి, 1962లో చట్టప్రకారము భారతదేశమున విలీనమయ్యెను. అచ్చట నింట తెలుగును, కచేరీలో ఫ్రెంచియు నడచినవి. అంతకు బూర్వమే, పదునెనిమిదవ శతాబ్దమున, ఫ్రెంచి జెసూటు మతబోధకుడగు కేర్దూ తెలుగు, ఫ్రెంచి, సంస్కృత భాషల నిఘంటువును గూర్చెను. సంస్కృతమునకు గ్రీకు లాటినులతో గల చుట్టఱికమును 1767లో ఫ్రాన్సు పండితుల కెఱిగించినవాడు నాతడే. పొత్తు ఇంత ప్రాచీనమైనను, ఫ్రెంచికథలు తెలుగువారికి మిక్కిలిగా నింగ్లీషు ద్వారముననే చేరినవి. మూలమునుండి నేరుగా ననువదింప బూనువాడు క్రియాభేదమును ముందుగా గుర్తింపవలెను.

‘కొను’ కర్తకు గలుగు ఫలమును జెప్పును. మిర్యాలగూడకు సమీపమున నిడమనూరు ప్రాంతమందు, నాగార్జునసాగరపు టెడమకాలువ క్రింద వరి పండించు రైతు తన పొలమును గూర్చి ‘నాటు వేసుకున్నం’ అనును. అదే మడిలో గూలికి దిగినవారు ‘నాటు వేసినం’ అందురు. పనియు నొకటే, మడియు నొకటే. పంట యెవరిదో ‘కొను’ తెలుపుచున్నది. సంస్కృతమున ఋత్విక్కునకు ‘యజతి’, యజమానునకు ‘యజతే’ యని పాణిని యేర్పఱచిన వ్యవస్థ యిట్టిదే. క్రియాఫలము కర్తను జేరినచో ఆత్మనేపదము, అన్యుని జేరినచో పరస్మైపదము.

ఫ్రెంచి ‘సె’ ప్రధానముగా జెప్పునది ఫలమును గాదు, కారకమును. కర్త తానే కర్మమైనను, తానే సంప్రదానమైనను ‘సె’ వచ్చును. చేతులు కడుగుకొనుటయందు రెండుభాషలును గలియును. ‘సె బత్ర్’ అనగా ఒకరినొకరు కొట్టుకొనుట, ఇచ్చటను గలియును. కాని రైతు ధాన్యము నమ్ముకొన్నచో ఫ్రెంచిలో నది కేవలము ‘వాంద్ర్’. ధాన్యమును గర్తగా జేసి ‘సె వాంద్ర్’ అన్నచో ‘అమ్ముడుపోవు’ నని యర్థము. రైతునే కర్తగా నిలిపి యట్లన్నచో నాతడు ధాన్యమును గాక తన్ను దానే యమ్ముకొన్నవా డగును. తనకై పుస్తకము గొనువాని విషయమున ‘సె’ వచ్చుచున్నది గదా యని యాక్షేపింపవచ్చును. అచ్చట కర్తయే సంప్రదానము. అమ్మకమున సంప్రదానము కొనువాడు గాని యమ్మువాడు గాడు. కావున నియమమునకు భంగము లేదు.

ఈ భేదమునకు ఫ్రెంచి వ్రాతయే సాక్ష్యము. స్త్రీ తన్ను గడుగుకొన్నదని వ్రాయునపుడు భూతకృదంతమునకు స్త్రీలింగచిహ్నము చేరును. చేతులు కడుగుకొన్నదని వ్రాయునపుడు చేరదు. మొదటిదానిలో ‘సె’ కర్మము, రెండవదానిలో సంప్రదానము. తెలుగున రెండింటను ‘కడుగుకొన్నది’ యే.

ఉచ్చారణమున ‘లవే’ కు జేరువయైన ‘లెవే’ యను క్రియ గలదు. దాని యర్థ మెత్తుట. ‘సె లెవే’ ఎత్తుకొనుట గాదు, లేచుట. ఎత్తుకొనుటకు బిడ్డ కావలెను. లేచుటకు నిద్రించినవా డొక్కడు చాలును.

ఇంతకంటె చిక్కైనవి అర్థమే మాఱిన క్రియలు. ‘త్రోంపే’ మోసగించుట, ‘సె త్రోంపే’ పొరబడుట. తలుపు పొరబడి పొరుగింట నడుగిడిన వానిని ‘తన్ను దాను మోసగించుకొనెను’ అని తెలిగించినచో కంటిపొరపాటు మనోదోషమై పాత్రశీలమే మాఱును. ‘దుతే’ సందేహించుట, ‘సె దుతే’ పసికట్టుట. కుమారుడు వచ్చునా యని సందేహించు తల్లియు, వచ్చునని పసికట్టిన తల్లియు నొక్కతె గాదు. మొదటియామె తలుపు మూయును, రెండవయామె యన్నము దాచును. తెలుగున ‘అను’ పైకి బలుకుట, ‘అనుకొను’ లోన దలచుట. ఈ భేదమును దినమును బాటించువానికి ‘దుతే’, ‘సె దుతే’ ల భేదము వింత గాదు.

‘సె’ తో సంబంధము లేని చిక్కును గలదు. ‘తెలియు’ ననుదానికి ఫ్రెంచిలో రెండుక్రియలు: విషయము తెలియుట ‘సవ్వార్’, మనుష్యునితోనో ఊరితోనో పరిచయము గలిగియుండుట ‘కొనేత్ర్’. రెండవదానికి ‘ఎఱుగు’ ననునది మిక్కిలి తగును. ‘ఆతని నెఱుగుదును’ అను వాక్యమున కర్త ప్రథమావిభక్తియందే నిలుచుటయు ఫ్రెంచివాక్యమునకు సరిపోవును.

కావున మాటకెదురుగ మాట వ్రాసిన పట్టికలు విద్యార్థికి జాలవు. ప్రతిక్రియను గూర్చియు కర్త యెవరు, కర్మసంప్రదానము లెవరు, ఫల మెవరిది యని మూడుప్రశ్నలు వేయింపవలెను. కారకమును ‘సె’ చెప్పును. ఫలమును ‘కొను’ చెప్పును. రెండును గలిసినచోట ‘కొను’ వాడవచ్చును, కలియనిచోట వేఱు తెలుగుక్రియను వెదకవలెను. కారకప్రకరణము జదివిన తెలుగుపండితునకు ఈ ప్రశ్న లేవియు గ్రొత్తవి గావు. ఫ్రెంచిపాఠమున వానిని బ్రయోగించుటయే కొఱవడినది.