ఎరుగని తిన్నడు, కాదన్న తిన్నడు: కన్నప్ప చిత్రాల్లో నాస్తికత్వం

డిగ్రీ తరగతిలో ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం' నుంచి తిన్నని కథ చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి లేచి, "తిన్నడు మొదట నాస్తికుడు కదండీ, ఆ పద్యాలు మన పాఠంలో లేవేం?" అని అడిగాడు. అటువంటి పద్యాలు ధూర్జటి రాయలేదు. విద్యార్థి తెరమీద చూసిన తిన్నడు వేరు, పుస్తకంలో ఉన్న తిన్నడు వేరు. సినిమా ఈ కథకు నాస్తికత్వాన్ని ఎందుకు చేర్చింది, ఆ చేర్పువల్ల కథార్థం ఎటు మళ్ళింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదలచిన అంశాలు.

ముందుగా మాట సంగతి. ధర్మశాస్త్రాల దృష్టిలో నాస్తికుడంటే వేదాన్ని నిందించేవాడు. నేటి వాడుకలో దేవుడు లేడనేవాడు. ఈ రెండింటిలో ఏ అర్థం తీసుకున్నా ధూర్జటి తిన్నడు నాస్తికుడు కాడు. కాదనడానికి ముందు కాదనదగినదొకటి ఎదురుగా ఉండాలి. ఉడుమూరి చెంచుపల్లెలో ఆటపాటలతో పెరిగి, వేట నేర్చిన ఆ కుర్రవానికి వేదమూ తెలియదు, ఆగమమూ తెలియదు. అతని బాల్యక్రీడలను కవి అంత ఇష్టంగా ఏకరువు పెట్టడం కేవలం వర్ణనాసక్తి కాదని నా అభిప్రాయం. శాస్త్రం ఇంకా తాకని ఒక నిండు జీవితాన్ని అక్కడ కవి చూపుతున్నాడు. ఆ తరువాత స్వప్నంలో శివానుగ్రహం, వేటలో పందిని తరుముతూ పోయి లింగాన్ని చూడటం. చూడగానే తిన్ననికి కలిగేది సందేహం కాదు, జాలి. ఈ అడవిలో మృగాల నడుమ ఒంటరిగా ఎందుకున్నావు, మా ఊరికి రా, తిండికి లోటుండదు అని బతిమాలతాడు. విమర్శకులు దీనిని ముగ్ధభక్తి అన్నారు.

ఈ కథలో సంఘర్షణ లేదనడానికి వీలులేదు. ఉన్నది, బలంగానే ఉన్నది. అయితే అది విశ్వాసానికీ అవిశ్వాసానికీ మధ్య కాదు, రెండు ఆరాధనారీతుల మధ్య. పుక్కిట నీరు తెచ్చి అభిషేకించే వేటగాడు ఒకవైపు, మాంసఖండాలు చూసి గుడి మైలపడిందని విలపించే బ్రాహ్మణ పూజారి మరొకవైపు. శివుడు పూజారినే దాగి చూడమంటాడు. కావ్యంలో కళ్ళు తెరుచుకోవలసినది పూజారికి. తిన్నడు మారనవసరం లేదు.

బాపు దర్శకత్వంలో 1976లో వచ్చిన 'భక్త కన్నప్ప'లో కృష్ణంరాజు పోషించిన తిన్నడు దేవుణ్ణి నమ్మనివాడు. వాణిశ్రీ పోషించిన నీల భక్తురాలు. ఈ ఏర్పాటుతో కథ దాంపత్యంలోకి వచ్చింది. నమ్మే భార్య, నమ్మని భర్త అన్నది తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితమైన అమరిక. ఆ చిత్రానికి కిరాతార్జునీయ ఘట్టం పునాది: అర్జునుడే తిన్నడై పుట్టాడు. ఈ విశ్వాసం సంప్రదాయంలో ప్రచారంలో ఉన్నదే కావచ్చు. కానీ నాస్తికత్వంతో కలిపినప్పుడు దాని పని వేరు. పూర్వజన్మలో శివుణ్ణి మెప్పించినవాడు ఈ జన్మలో లేడంటే, అది అభిప్రాయం కాక మరపు అవుతుంది. అతని కాదనడాన్ని ప్రేక్షకుడు మొదటినుంచీ చిరునవ్వుతో వింటాడు. ఇంకొక నష్టమూ ఉన్నది. బోయవాని ఔన్నత్యం బోయవానిది కాకుండా అతనిలో దాగిన క్షత్రియునిదవుతుంది. ఆ చిత్రంలోని పాటలనూ దృశ్యాలనూ ఎంతగానో అభిమానించే నాకు కూడా ఈ మాట చెప్పక తప్పడం లేదు.

ముకేశ్ కుమార్ సింగ్ దర్శకత్వం వహించిన 'కన్నప్ప' (2025) ఇంకొక అడుగు ముందుకు వేసి నాస్తికత్వానికి కారణం చూపింది. బాల్యంలో స్నేహితుణ్ణి అమ్మవారికి బలి ఇవ్వడం చూసిన తిన్నడు అది దేవత కాదు, రాయి అంటాడు. ఇది తేలికగా తీసివేయదగిన కారణం కాదు. దేవుని పేర ఒక పసివాని ప్రాణం తీశారు. విజయవాడ నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పిన గోరా మొదలుకొని మన హేతువాదులు చేసిన విమర్శలో ప్రధానభాగం ఇటువంటి నైతిక ప్రశ్నే. చిత్రం ఆ ప్రశ్నను ధైర్యంగా ఎత్తుకున్నది. జవాబు మాత్రం మరొక చోటినుంచి తెచ్చింది. ప్రభాస్ పోషించిన రుద్రుడు వచ్చి తిన్ననితో వాదిస్తాడు, తిన్నని మనసు మారుతుంది. బలి ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు దేవుడున్నాడన్నది సమాధానం కాదు. ఒకటి న్యాయానికి సంబంధించినది, రెండవది అస్తిత్వానికి సంబంధించినది. మొదటిదాన్ని అడిగించి, రెండవదానికి బదులు చెప్పి, తిన్నని నోరు మూయించారు.

ఈ తిన్ననికి మాటలు ఎక్కడినుంచి వచ్చాయని ఆలోచిస్తే హిరణ్యకశిపుడు గుర్తుకు వస్తాడు. భక్తిచిత్రాల్లో దేవుణ్ణి ధిక్కరించే స్వరానికి ఆయనే మూలపురుషుడు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) అన్న సంగతిని ఈ సందర్భంలో యాదృచ్ఛికమని వదిలేయలేము. అయితే పోతన హిరణ్యకశిపుడు కూడా నాస్తికుడు కాడు, హరికి శత్రువు. లేనివానితో పగ ఉండదు. మన సినిమాకు శత్రువు తెలుసు, అలిగినవాడు తెలుసు, గాయపడినవాడు తెలుసు. ఆలోచించి లేడనేవాడు మాత్రం అరుదు.

'గోపాల గోపాల' (2015) ఆ అరుదైన పాత్రకు దగ్గరగా వచ్చింది. హిందీ 'ఓ మై గాడ్'కు పునర్నిర్మాణమైన ఈ చిత్రంలో విగ్రహాల వ్యాపారి గోపాలరావు కొట్టు భూకంపంలో కూలితే, దైవఘటన అని బీమా సంస్థ సొమ్ము నిరాకరిస్తుంది. అతడు దేవుని మీదే దావా వేస్తాడు. ఇక్కడ హాస్యం ఉన్నది, తర్కం ఉన్నది. కానీ వాదికి సాయపడటానికి కృష్ణుడే మనిషి రూపంలో వచ్చిన క్షణంలో దావా ముగిసినట్లే. విమర్శ స్వాముల మీదికి మళ్ళి దేవుడు నిర్దోషిగా బయటపడతాడు. హిందీలో ఆ కృష్ణునిగా నటించిన అక్షయ్ కుమారే 2025 కన్నప్పలో శివుడు కావడం పాత్రల ఎంపికలో ఒక చమత్కారం.

నాటకీయతకు పాత్రలో పరివర్తన కావాలి కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే. కానీ పరివర్తన పూజారిలోనూ చూపవచ్చు, ధూర్జటి చూపాడు. 1976 చిత్రంలో రావు గోపాలరావు పోషించిన పూజారి కపటి. కపటి బయటపడతాడు, శిక్షింపబడతాడు. అతడు నేర్చుకోవలసిందేమీ ఉండదు. కావ్యంలోని పూజారి కపటి కాడు, నిష్ఠాపరుడు. అందుకే అతని ఓటమికి అర్థం ఉన్నది. నిష్ఠను నిలదీయడం కంటే కపటాన్ని దండించడం ఎవరికైనా సుఖం. పూజారి నేర్వవలసిన పాఠాన్ని సినిమా తెచ్చి తిన్నని నెత్తిన పెట్టింది.

ఈ మార్పు చివరి ఘట్టాన్ని కూడా తాకింది. లింగం కంట రక్తం కారగానే ధూర్జటి తిన్నడు తన కన్ను తీసి పెడతాడు. అది వైద్యం. కంటికి కన్నే మందు అనుకున్నవాని తొందర అది. రెండవ కన్ను పెట్టవలసిన చోటు తెలియడానికి చెప్పుకాలు ఆనించినప్పుడు అందులో ధిక్కారమూ లేదు, లెక్కా లేదు. తెరమీది తిన్నడు ఒకప్పుడు రాయి అన్నవాడు. కనుక అతడు కన్ను పెరుకుతున్నప్పుడు ప్రేక్షకుడు వైద్యాన్ని చూడడు, తీరుతున్న బాకీని చూస్తాడు.