వినువారి ధర్మము

పసిపాపయు, పశువును, పామును కూడ గానరసము నెరుగునని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటను గాయకుల గొప్పతనమునకు నిదర్శనముగా ఉదాహరించుట వాడుక. కాని ఆలోచించి చూచినచో అందలి ప్రశంస వినువారికే చెందును. పాడువాడెవడో ఆ సూక్తి చెప్పనే లేదు. ముగ్గురు శ్రోతలను మాత్రము పేర్కొన్నది. అయినను సంగీతమును గూర్చి మనము వ్రాసుకొను వ్యాసములు వాగ్గేయకారులను గూర్చియో, గాయకులను గూర్చియో యుండును. శ్రోతను గూర్చి వ్రాయువారు అరుదు.

నాందేడులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పాడువారు కొందరే యైనను, వినువారు ప్రతి యింటను గలరు. ముఖ్యముగా ఉద్యోగము విరమించిన నా యీడువారు కలిసికొన్నచోటనెల్ల పాటల ప్రసంగమే. కావున మా వినికిడి అలవాట్లను గూర్చియే కొంత విమర్శ చేయదలచితిని. నేను శాస్త్రము చదివినవాడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తాగా జీవితము గడపినవాడను. మన ప్రాంతమున ఆఫీసును కూడ కచేరీ యనియే యందురు గనుక, రెండు విధములైన కచేరీలతోను నాకు పరిచయమున్నదని మాత్రము చెప్పుకొనగలను. ఒకదానిలో వ్రాసితిని, రెండవదానిలో వింటిని.

మన ఊరి శ్రోతకు ఒక విశేషము గలదు. నాందేడు 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ దినమున బొంబాయి రాష్ట్రమున కలిసి, 1960 మే 1న మహారాష్ట్రములోనిదైనది. సరిహద్దులు మారినను గాలికి సరిహద్దు లేదు. నిజాము కాలపు దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. ఆ హైదరాబాదు కేంద్రమును పట్టుకొనుటకు మన యిండ్లలో రేడియో ముల్లును వెండ్రుకవాసిగా త్రిప్పెడివారు. ఇటు మరాఠీ కేంద్రములు, అటు సముద్రము దాటి సిలోను. సిలోనులో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి కంఠము నా తరమువారికి బంధువుల కంఠమువంటిది. ఇట్లు మనకు ఒక చెవి తెలుగునకును, ఒక చెవి మరాఠీకిని అలవడినది. ఇది కొరత కాదు, కలిమి.

ఆ కాలమున ఇష్టమైన పాటను పంచుకొను పద్ధతి వేరు. ఒక కార్డు మీద పాట పేరును, ఇంటిల్లిపాది పేర్లును వ్రాసి కేంద్రమునకు పంపెడివారు. ఝుమ్రీ తిలైయా అను చిన్న ఊరు, నేడు ఝార్ఖండులోనిది, ఇట్టి కోరిక చీటీల వలననే దేశమంతట పేరుపొందినది. పాటను కోరుట యనగా దానిని తానొక్కడు వినుట కాదు, ఊరూరికి వినిపించుట. ఇందులో మరియొక సుగుణము గలదు. తన పాట కొరకు కాచుకొన్నవాడు అంతవరకు పరులు కోరిన పాటలు పది వినక తప్పెడిది కాదు. తన యిష్టమునకు దారి పరుల యిష్టము మీదుగానే పోయెడిది. మనము రసికులమైతిమన్నచో ఆ కాచుకొనుటయే అందుకు ముఖ్య కారణము.

రేడియోకు ముందు మా తండ్రుల కాలమున గ్రామఫోను ప్లేటు ఉండెను. నిమిషమునకు 78 సార్లు తిరుగు ఆ ప్లేటు ఒక ప్రక్క మూడు, నాలుగు నిమిషములకు మించి పలుకదు. నాటకరంగమున పద్యము పాడిన నటుడు చివర రాగము దీయుచు ఎంతసేపైన నిలుపగలడు. సభవారు వన్స్‌మోర్ అన్నచో మరల పాడును. ప్లేటు మీద ఆ వైభవమునకు చోటు లేదు. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు (1922–1974) పద్యమున రాగవిస్తారమును తగ్గించి, మాటను, భావమును ముందునకు దెచ్చిరి. కరుణశ్రీ గారి పుష్పవిలాపమును ఆయన పాడగా విన్నవారికి పద్యము మొదట అర్థమగును, పిదప రాగము గుర్తుకు వచ్చును. ప్లేటు విధించిన యిరుకును ఆయన గుణముగా మార్చుకొనెనని నా అభిప్రాయము.

అయితే ప్లేటు మన రుచిని తీర్చుటయే గాక కొంత కుదించినది కూడ. ప్లేటు మీదికి ఎక్కనిది పాటయే కాదను భావము మనలో నాటుకొన్నది. మన అవ్వలు చప్పట్లు చరచుచు పాడిన బతుకమ్మ పాటలను, దంపుడు పాటలను మనము ఇష్టమైన పాటల జాబితాలో ఎన్నడైన చేర్చితిమా? తెలంగాణమునుండి వచ్చిన కుటుంబములకు అవియే మొదటి సంగీతము గదా!

పిదప క్యాసెట్టు వచ్చెను. నేడు చేతిఫోను వచ్చెను. కోరిన పాట కోరిన క్షణమున వినవచ్చును, మిత్రునకు పంపవచ్చును. ఈ సౌకర్యమును నేను నిందింపను. కాని మా పెద్దల వాడుకలో మూడు దోషములు కనబడుచున్నవి. మొదటిది, వినకయే పంపుట. తెల్లవారునప్పటికి ఒక్కొక్కరి ఫోనులో ఇరువది పాటలు చేరియుండును. పంపినవాడును పూర్తిగా వినడు, అందుకొన్నవాడును వినడు. ఇరువురును చేతులు జోడించిన బొమ్మను మాత్రము పంపుకొందురు. రెండవది, పాట సాగుచుండగా పాటను గూర్చి మాటలాడుట. చిత్రమేది, సంవత్సరమేది, సంగీత దర్శకుడెవరు అని పోటీ పడుచుండగనే చరణము గడచిపోవును. వివరము తెలియుట వేరు, వినుట వేరు. మూడవది, 1974తో తెలుగు పాట ముగిసినదని తీర్మానించుట. శంకరాభరణము 1980లో వచ్చినదని జ్ఞాపకము చేసినచో దానికి మాత్రము మినహాయింపు నిత్తురు. తరువాత వచ్చినదంతయు గోల యని త్రోసివేయుదురు. ఆ గోలను ఎవరైన ఒకటి మొదటినుండి చివరవరకు విన్నారా యని యడిగినచో సమాధానము రాదు.

ఈ మూడవ దోషమే మన యింటికి ఎక్కువ నష్టము. మన మనుమలలో పలువురు మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చదువుచున్నారు. తెలుగు లిపి ఎరుగరు. ఇంట అన్నము, నీళ్లు అడుగునంతటి తెలుగు మాత్రము నిలిచినది. ఇట్టివారికి అంతకు మించిన తెలుగును చేర్చగలది పాటయే. కాని తాత తన పాటను ఆజ్ఞవలె వినిపించినచో బిడ్డ చెవిలో తీగలు పెట్టుకొని వేరొక పాటను వినును. దీనికి దేశచరిత్రలోనే దృష్టాంతము గలదు. 1952లో సమాచార, ప్రసారశాఖ మంత్రియైన బి.వి. కేస్కర్ గారు ప్రజలకు శాస్త్రీయ సంగీతము నేర్పదలచి ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు బాగుగ తగ్గించిరి. ఉద్దేశము గొప్పదే. కాని శ్రోతలు చడిచప్పుడు లేక సిలోను వైపు ముల్లు త్రిప్పిరి. ఆ యేటి డిసెంబరుననే అక్కడ అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా మొదలైనది. తుదకు 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలసి, సినిమా పాట మరల మన కేంద్రములకు వచ్చెను. ఒక ప్రభుత్వము చేయలేనిది ఒక తాత చేయగలడా?

మరి దారి యేది? ఆ దారిని చూపు రెండు రచనలు మన రెండు చెవులకును పరిచయమైనవే. 1955 శ్రీరామనవమి నాడు పూనా ఆకాశవాణిలో గీతరామాయణము మొదలైనది. గ.ది. మాడ్గూళ్కర్ గారు వ్రాయగా, సుధీర్ ఫడ్కే గారు బాణీలు కట్టిన ఆ 56 పాటలు వారమున కొకటి చొప్పున ఏడాదికి పైగా సాగినవి. 1963లో లవకుశ చిత్రము వచ్చినది. సంగీతము ఘంటసాల గారిది, బాలురకు కంఠములు లీల, సుశీల గారలవి. రెండింటను కుశలవులు రామకథను గానము చేయుదురు. రెండింటను మాటయే రాణి, రాగము చెలికత్తె. ఫడ్కే గారి స్వరమున మరాఠీ అక్షరము ఎంత తేటగా పలుకునో ఘంటసాల గారి బాణీలలో తెలుగు అక్షరము అంత తేటగా పలుకును. భేదము చూపులో నున్నది. మన చిత్రము పాడు బాలుర వెంట నడచును. మాడ్గూళ్కర్ గారి తొలిపాటలో ప్రధానముగా కనబడువాడు వినుచున్న రాముడు.

ఆ ఘట్టమును వాల్మీకి బాలకాండ నాల్గవ సర్గలో చెప్పెను. వీథులలో పాడుచున్న బాలురను రాముడు ఇంటికి బిలిపించి, తమ్ములను కూర్చుండబెట్టి, తానును సభలో నొకడై మెల్లగా గానమున లీనమాయెను. సింహాసనము దిగివచ్చి వినెనని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఉత్తరకాండలో రోజునకు 20 సర్గలు పాడవలెనని వాల్మీకి బాలురను ఆదేశించెను. అనగా ఒక మహారాజు దినముల తరబడి వినెను. ఇందలి క్రమమును గమనింపవలెను. పాడినవారు పిల్లలు, విన్నవాడు పెద్ద. వారు తన బిడ్డలని యైన అప్పటికి ఆయనకు తెలియదు. వినగా వినగా తెలిసినది. మన సభలలో ఈ క్రమము తలక్రిందులైనది. పెద్దలు వినిపింతురు, పిల్లలు వినవలెను. బిడ్డలు మనకు పరాయివారైరని విచారించుట కంటె, వారి పాటను మనము వింటిమా యని ప్రశ్నించుకొనుట మేలు.

అట్లు వినిన పెద్దకు చెప్పుటకు ఒక మాట దొరకును. బడిలో హార్మోనియము నేర్చు బిడ్డ భూప్ రాగమును వాయించినచో, మన మోహన స్వరములును అవియే యని తాత చెప్పవచ్చును. గీతరామాయణపు తొలిపాట భూప్‌లోనిది. మాయాబజారు (1957) నౌకావిహారపు పాట మోహనలోనిది. రెండును వరుసగా వినిపించినచో ఉపన్యాసముతో పనిలేదు. మాల్కౌన్సును విన్నవానికి హిందోళము క్రొత్త కాదు. ఆ విధముగా తెలుగు పాట వానికి తెలిసిన యింటి ప్రక్క గదివలె తోచును.

కావున మన పెద్దలకు నా మనవి యిది. దినమునకు ఇరువది పాటలు పంపుట మాని, వారమునకు ఒక్క పాటను పూర్తిగా వినిన తరువాతనే పంపుదము. అది ఎందుకు ఇష్టమో ఒక్క వాక్యము జతచేయుదము. చిత్రము పేరు, సంవత్సరము ఆ వాక్యము కాజాలవు. అవ్వ పాట యొకటి ఎవరికైన జ్ఞప్తి యున్నచో దానిని ఫోనులోనే భద్రపరుతము. తుదకు, మనుమడు మెచ్చిన పాటను ఒకదానిని, నచ్చినను నచ్చకున్నను, ముగియువరకు మాటలాడక విందము. రాముడంతటివాడు సింహాసనము దిగి వినగా, మనము వాలుకుర్చీ దిగుట ఏపాటి కష్టము?