పాఠభేదం – పరిష్కర్త బాధ్యత: డెబియన్ నవీకరణలో అమరికల ఫైళ్ల సంరక్షణ

సారాంశం: సాఫ్ట్‌వేర్‌కు కొత్త సంచిక వచ్చినప్పుడు వినియోగదారుడు చేసుకొన్న మార్పులు నిలవాలా, తొలగాలా అన్నది సాధారణంగా సాంకేతిక ప్రశ్నగానే చర్చకు వస్తుంది. అది పాఠపరిష్కరణకు సంబంధించిన ప్రశ్న కూడా. డెబియన్ వ్యవస్థ పాటించే నియమాన్ని ఆ దృష్టితో విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అమరికల ఫైలు, నవీకరణ, పాఠభేదం, మాతృక, తెలుగు కీబోర్డు.

1. ప్రవేశిక

భీమవరంలో డి.ఎన్.ఆర్. కళాశాల 1945లోనూ, ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల 1980లోనూ ఏర్పడ్డాయి. సాహిత్య విద్య, సాంకేతిక విద్య పక్కపక్కనే సాగే ఇటువంటి పట్టణంలో రెండు వర్గాలకూ ఉమ్మడిగా ఉన్న వస్తువు కంప్యూటరు. ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలి, ఏ ఫాంటుకు ప్రాధాన్యం ఇవ్వాలి అన్న నిర్ణయాలు అందులో చిన్న చిన్న ఫైళ్లలో రాసి ఉంటాయి. ఇవే అమరికల ఫైళ్లు. వీటిని ప్యాకేజీ నిర్వాహకుడు రాసి పంపుతాడు. వినియోగదారుడు తన అవసరాన్ని బట్టి సవరించుకొంటాడు. కొత్త సంచికలో నిర్వాహకుడు కూడా అదే ఫైలును సవరిస్తే ఏ పాఠం నిలవాలన్నదే సమస్య.

2. డెబియన్ నియమం

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ ఆధారంగానే సి-డాక్ సంస్థ 2007లో ‘బాస్’ అనే భారతీయ నిర్వహణ వ్యవస్థను విడుదల చేసింది. నవీకరణలో స్థానికంగా చేసిన మార్పులను తప్పనిసరిగా కాపాడాలని డెబియన్ విధానపత్రం నిర్దేశిస్తుంది. దీనిని అమలుచేసే డీపీకేజీ ప్రోగ్రాం మూడు స్థితులను గుర్తిస్తుంది. వినియోగదారుడు ఏమీ మార్చకపోతే కొత్త పాఠం వస్తుంది. నిర్వాహకుడు ఏమీ మార్చకపోతే వినియోగదారుని పాఠం నిలుస్తుంది. ఇద్దరూ మార్చినప్పుడు మాత్రమే ప్రోగ్రాం ప్రశ్నిస్తుంది. జవాబు చెప్పకుండా ఎంటర్ నొక్కితే పాత పాఠమే ఉంటుంది. దేనిని ఎంచుకొన్నా రెండో పాఠం వేరే పేరుతో పక్కన మిగులుతుంది. వినియోగదారుడు ఫైలును పూర్తిగా తొలగించినా, ఆ తొలగింపును కూడా ఒక మార్పుగానే గౌరవించడం ఈ నియమంలోని విశిష్టత.

3. మాతృక లేని పోలిక

రాజమహేంద్రవరంలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి, పోల్చి, 1829లో ప్రచురించాడు. ప్రతులను పోల్చేవారికి పాఠం ఎక్కడ మారిందో తెలిస్తే చాలదు, ఎవరు మార్చారో కూడా తెలియాలి. డీపీకేజీ లోపం ఇక్కడే ఉంది. తాను మొదట పంపిన ఫైలు మారిందో లేదో తెలుసుకోవడానికి అది ఒక సంఖ్యాముద్రను మాత్రమే దాచుకొంటుంది. ఆ ఫైలు పాఠాన్ని దాచుకోదు. తేడాలు చూపమని అడిగితే వినియోగదారుని పాఠానికీ కొత్త పాఠానికీ మధ్య ఉన్న భేదాలనే చూపుతుంది. వాటిలో తన సవరణ ఏదో, నిర్వాహకుని సవరణ ఏదో చదువరి జ్ఞాపకం మీద ఆధారపడి ఊహించుకోవాలి. పాత పాఠాన్నే నిలుపుకొంటే, భద్రత కోసం వచ్చిన సవరణ అందకుండా పోవచ్చు. కొత్తదాన్ని స్వీకరిస్తే సొంత సవరణ అమలులో ఉండదు. పాత పాఠాన్ని దాచి మూడు పాఠాలనూ సమన్వయించే యూసీఎఫ్, ఆ డైరెక్టరీ చరిత్రనంతా భద్రపరిచే ఈటీసీకీపర్ ఈ లోపాన్ని తీర్చడానికి వచ్చిన పరికరాలు.

4. స్థానమే రక్షణ

మరొక పరిమితి తెలుగు వారికి నేరుగా తగులుతుంది. పైన చెప్పిన రక్షణ ‘ఈటీసీ’ డైరెక్టరీలో అమరికల ఫైళ్లుగా ప్రకటించిన వాటికే వర్తిస్తుంది. లినక్సులో తెలుగు యాపిల్, ఇన్‌స్క్రిప్ట్ వంటి కీబోర్డులను అందించే ఎం17ఎన్ ఫైళ్లు ‘యూఎస్ఆర్’ డైరెక్టరీలో ఉంటాయి. డీటీపీలో చేయి అలవాటుపడిన టైపిస్టు ఒక సంయుక్తాక్షరం స్థానాన్ని అక్కడే మార్చుకొంటే, తరువాతి నవీకరణ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆ మార్పును తుడిచివేస్తుంది. అదే ఫైలును హోం డైరెక్టరీలోని ‘.ఎం17ఎన్.డి’ ఫోల్డరులో ఉంచుకొంటే ప్యాకేజీ నవీకరణ దానిని తాకదు. మూలగ్రంథంలో దిద్దిన దిద్దుబాటుకూ, విడిగా రాసుకొన్న పాఠానికీ ఉన్న తేడా ఇదే.

5. ముగింపు

డెబియన్ నియమం వినియోగదారుని పాఠానికి ఇచ్చే గౌరవం ప్రశంసనీయం. అయితే అది పాఠాన్ని కాపాడుతుంది గాని, ఆ పాఠం ఎందుకు అలా మారిందో కాపాడదు. ఆ కారణాన్ని నిలపవలసింది మార్చినవారే. మార్పును విడి ఫైలులో ఉంచడం, తేదీతోపాటు కారణాన్ని అందులోనే ఒక వాక్యంగా రాయడం, నవీకరణకు ముందు ప్రతి తీసుకోవడం కళాశాల ప్రయోగశాలల్లో నియమంగా బోధించదగినవి. ప్రతులను పోల్చడం, పాఠాంతరాన్ని కారణంతో సహా నమోదు చేయడం తెలుగు శాఖలకు తెలిసిన విద్యే. ఆ క్రమశిక్షణను కంప్యూటరు ప్రయోగశాలకు అందించగలిగిన స్థితిలో అవి ఉన్నాయి.