గాలికి అందని పాదు

సిసిలీకి, ట్యునీషియాకు మధ్య సముద్రంలో పాంటెలెరియా అనే చిన్న ఇటలీ ద్వీపం ఉంది. నల్లటి అగ్నిపర్వత నేల, తక్కువ వాన, ఏడాదిలో ఎక్కువ రోజులు ఆగని ఈదురుగాలి. అలాంటిచోట నీళ్లు పెట్టకుండా ద్రాక్ష పండిస్తున్న రైతు కుటుంబాల పనితనం దగ్గరగా చూడదగ్గది.

మన దగ్గర ద్రాక్షతోట అంటే తలెత్తి చూసే పందిరి. అక్కడ నడుం వంచితే గానీ గుత్తి కనిపించదు. నేల చదును చేసి, ఒక్కో మొక్కకు ఒక్కో లోతైన పాదు తీసి అందులో నాటుతారు. గాలి హోరు పైనుంచి సాగిపోతుంది. పడిన నాలుగు చినుకులూ మొదట్లోకే దిగుతాయి. పాదు ఒకసారి తవ్వి వదిలేసేది కాదు, ఎప్పటికప్పుడు మట్టి సవరిస్తూనే ఉండాలి.

అసలు నేర్పు కత్తిరింపులో ఉంది. మొదలును పొట్టిగా ఉంచి, బండిచక్రం ఆకుల్లా ఆరు కొమ్మలు చుట్టూ పరుచుకునేలా కోస్తారు. ఎత్తుకు వదిలితే గాలి విరిచేస్తుంది. ఏ కొమ్మ ఉంచాలి, ఏ కన్ను దగ్గర కోయాలి అన్నది పెద్దల పక్కన పనిచేస్తూ పిల్లలు పట్టుకునే విద్య. పొలంలో ఏరిన రాళ్లనే సున్నం లేకుండా పేర్చి గోడలు కడతారు. మెట్ల పొలాల మట్టిని జారకుండా ఆపేవి అవే.

కోత జూలై చివర్లో మొదలవుతుంది, అంతా చేత్తోనే. పండించే రకం జిబిబ్బో. ముందు కోసిన గుత్తులను ఎండలో ఆరబెట్టి, తిరగేస్తూ ఎండుద్రాక్ష చేస్తారు. తర్వాతి కోత రసం పులుస్తున్నప్పుడు వాటిని తొడిమలు తీసి అందులో వేస్తారు. ఎండిన పండులోని తీపి, పరిమళం రసంలోకి దిగుతాయి. అలా తయారయ్యేదే పేరుపొందిన పాసితో వైన్. సిసిలీలోని మార్సాలాకు చెందిన రాల్లో కుటుంబం డొన్నాఫుగాటా పేరుతో 1989 నుంచి ఈ ద్వీపంలో ఈ వైన్ చేస్తోంది. వాళ్ల తోటల్లో వందేళ్లు దాటిన మొదళ్లు ఇంకా కాపు ఇస్తున్నాయి.

2014లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది ఆ వైన్‌ను కాదు, ఆ సాగు పద్ధతిని. సరైన నిర్ణయమే. నేలను, నీటిని కాపాడే ఈ సేద్యంలో ఖర్చయ్యేది మనిషి శ్రమ ఒక్కటే. ఇరుకైన మెట్ల మీదకు ట్రాక్టరు ఎక్కదు. అందుకే ఆ సీసా చవగ్గా దొరకదు. ఆ చేతులకు తగిన కూలి దక్కాలంటే దొరకకూడదు కూడా.