టార్జాన్ నోరు విప్పకపోవడమే మంచిదైంది

సినిమా టార్జాన్‌ని చూసి పెరిగినవాళ్ళు అసలు నవల చదివితే ఆశ్చర్యపోతారు. ఎడ్గర్ రైస్ బరోస్ 1912లో ఒక పత్రికకి రాసిన ఆ కథలో హీరో ముందు నేర్చుకునేది మాట్లాడటం కాదు, చదవడం. చనిపోయిన తండ్రి కట్టిన గుడిసెలో పిల్లల పుస్తకాలు దొరుకుతాయి. అక్షరాలు పురుగుల్లా కనిపిస్తాయి. పక్కనున్న బొమ్మల సాయంతో వాటి గుట్టు తనే పట్టుకుంటాడు. ఇంగ్లీషు చదవగలడు, రాయగలడు, పలకలేడు. మనుషుల భాషల్లో అతను మొదట మాట్లాడింది ఫ్రెంచి! ఇలాంటివాణ్ణి 1932 సినిమా పొడిపొడి మాటల మొద్దుని చేసి కూర్చోబెట్టింది.

మరి పేపర్లో వచ్చిన బొమ్మల కథ? 1929 జనవరి 7న మొదలైంది, గీసినవాడు హాల్ ఫాస్టర్. రోజుకి ఐదు బొమ్మలు, పది వారాలు, మొత్తం 300 బొమ్మల్లో నవల అయిపోయింది. ఒక రోజు ముక్క ఎంతంటే, బందరులో రైలెక్కితే పెడన రాకముందే చదివేయొచ్చు. నవలైతే గుడివాడ దాటినా సగం కాదు. ఇంత కుదింపులోనూ ఫాస్టర్ ఒక మేలు చేశాడు: మాటల బుడగలు పెట్టలేదు. కథంతా బొమ్మ కింద వచనంగా నడుస్తుంది.

మా బందరు అద్దకం దిమ్మలతో చేసే పని, ఒకటే పువ్వు బట్టంతా వరసగా పడుతుంది. కాళహస్తి కలంకారీ అలా కాదు. గళ్ళుగళ్ళుగా రామాయణం, గడి వెంట తెలుగు అక్షరాలు. రాముడు పలకడు, కథకుడు చెప్తాడు. ఫాస్టర్ పద్ధతీ అదే. చదువొచ్చి మాటరాని హీరోకి ఇంతకన్నా కుదిరేది లేదు. అతని ఆలోచన కింది వచనంలో ఉంటుంది, ఒళ్ళు పై బొమ్మలో ఉంటుంది.

చిక్కంతా ఆఫ్రికాతోనే. బరోస్ ఆ నేల మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. నల్లవాళ్ళని నరమాంసం తినేవాళ్ళుగా రాసిన పేజీల్ని నవలలో గబగబా తిప్పేయొచ్చు. బొమ్మని తిప్పేయలేం, కంట్లో పడిపోతుంది. గీసే చెయ్యి ఎంత గొప్పదైతే అబద్ధం అంత నిజంలా కనిపిస్తుంది. ఫాస్టర్‌ది చాలా గొప్ప చెయ్యి.

తెలుగులో ఎవరైనా టార్జాన్‌ని మళ్ళీ బొమ్మల్లోకి తెస్తే, ఆ గుడిసెకీ పుస్తకాలకీ కనీసం వారం రోజులివ్వమంటాను. సింహంతో కుస్తీకి రెండు రోజులు చాలు.