యౌవనసంఘర్షణ నవలలు - కర్తృత్వవిచారము

కళాశాలలోఁ జదువు ప్రౌఢపాఠకునికి, యౌవనసంఘర్షణము వస్తువుగాఁ గల నవలలలో నేది యీయఁదగిన దను ప్రశ్నకు రెండు సమాధానములు వాడుకలోఁ గలవు. నాయకుఁడు పాఠకుని యీడువాఁడైనఁ జాలునని కొందఱందురు. నాయకుఁడు సుశీలుఁడై కథ శుభాంతమైనఁ జాలునని మఱికొందఱందురు. ఇందు మొదటి లక్షణ మతివ్యాప్తము, నీరసగ్రంథములనుగూడఁ జేర్చుకొనును. రెండవది యవ్యాప్తము, ఉత్తమగ్రంథములనే వెలివేయును. కావున వేఱొక లక్షణమును విచారింపవలసియున్నది.

శబ్దశాస్త్రమునఁ గర్త యనఁగా స్వతంత్రుఁడు. కర్తను బ్రేరేపించువాఁడు ప్రయోజకుఁడు. దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచే వంట చేయించునపుడు దేవదత్తుఁడు ప్రయోజకకర్త, యజ్ఞదత్తుఁడు ప్రయోజ్యకర్త. ప్రేరణము పరునిదైనను గరిట పట్టినవాఁడు యజ్ఞదత్తుఁడే గావున నాతని కర్తృత్వము నశింపదు. ఈ విభాగము నవలాపరీక్షకును నుపకరించును. యువకుఁడు సర్వస్వతంత్రుఁడుగాఁ జూపఁబడినచో నది యాదర్శకథ. లోకముచే దెబ్బలు తిను కేవలకర్మగాఁ జూపఁబడినచో నది విలాపము. కులము, కుటుంబము, ఋణము, కీర్తి ప్రేరేపింపఁగాఁ దాను చేసినదానికిఁ దానే యుత్తరవాదియగు ప్రయోజ్యకర్తగాఁ జూపిన నవలయే ప్రౌఢపాఠకునికి యోగ్యమని నా మతము.

1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు బహుమానమును విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలతోఁ బంచుకొన్న అడివి బాపిరాజుగారి నారాయణరావు మొదటి తెగకుఁ జేరినది. నాయకుఁడు రూపవంతుఁడు, గుణవంతుఁడు. జమీందారుని కుమార్తెయగు శారదను బెండ్లాడి యామె యనురాగమునకై యోర్పుతో వేచియుండును. కథ రమ్యము. కాని యిరువదియేండ్ల పాఠకుఁడు దీనియందే నిలిచినచోఁ దన లోపములకు సిగ్గుపడుటయే కాని వానిఁ బరీక్షించుట నేర్వఁడు. దీనిని ఉన్నతపాఠశాలలోనే చదివించుట మేలు.

గుంటూరుసీమవారైన ఉన్నవ లక్ష్మీనారాయణగారు (1877-1958) చెఱసాలలో రచించిన మాలపల్లి 1922లో వెలువడినది. భూస్వామియగు చౌదరయ్య యింటఁ బాలేరైన సంగదాసు యజమానుని కుమారుఁడగు రామానాయనితో మైత్రి నెఱపి, కూలివారి పక్షము వహించి, చౌదరయ్య చేతిదెబ్బకుఁ బ్రాణములు గోల్పోవును. సోదరుఁడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గఁడను పేరఁ దిరుగుబాటుదారుఁడై, ధనికులను గొల్లగొట్టి పేదలకుఁ బంచును. తండ్రి రామదాసు భక్తిమార్గమును విడువఁడు. మువ్వురను బ్రేరేపించిన యన్యాయ మొక్కటియే, క్రియలు మాత్రము మూఁడు. ప్రేరణమును దెలిసికొన్నంతమాత్రమునఁ గర్తను దెలిసికొన్నట్లు కాదని యింతకంటె స్పష్టముగాఁ జెప్పిన నవల మనకు లేదు. ఈ గ్రంథమును దొరలు నిషేధించిరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పాఠ్యముగా నిర్ణయింపఁగా 1936లో మఱల నిషేధించిరి. 1937లో రాజాజీ మంత్రివర్గమేర్పడిన పిదప నిషేధము తొలఁగెను. కళాశాలవిద్యార్థి యొక నవలను జదివి తానేమి చేయవలయునని తలపోయునను భయమే యా నిషేధమునకు మూలము. ఆ భయమే యీ నవలకు యోగ్యతాపత్రము.

త్రిపురనేని గోపీచందుగారి (1910-1962) అసమర్థుని జీవయాత్ర మఱియొక కొస. సీతారామారావు వంశప్రతిష్ఠను గాపాడవలయునను తండ్రిమాటను మోసి, ఆస్తిఁ బోఁగొట్టుకొని, చిన్న యుద్యోగమునందును నిలువలేక, ఇల్లాలిని బాధించి, తుదకు శ్మశానమున మరణించును. ఇట్టి గ్రంథమును యువకుల చేతికీయరాదని కొందఱి యాక్షేపము. ఆ శంక తేలికది కాదు. పత్తి పురుగుపాలైన యేఁట, మిరపకాయ ధర పడిపోయిన యేఁట, కొడుకు రుసుమునకై యప్పుచేసిన రైతుల బిడ్డలే మన కళాశాలలలో ననేకులు. ఇంటిపరువు, ఋణము, మరణము అను మాటలు వారికిఁ బుస్తకములోని మాటలు కావు. అయినను గ్రంథకర్త యా మరణమును దీపిగాఁ జూపలేదు. నాయకుఁడు తన యసమర్థతకుఁ బరుల నిందించు ప్రతిచోటను నా నిందలోని డొల్లతనమును బయటఁబెట్టెను. కావున దీనిని మాన్పుట కాదు, ఒంటరిగాఁ జదువనీయకుండుట యధ్యాపకుని పని. నిరాశలో మునిఁగియున్న విద్యార్థికి ముందు మాలపల్లి నిచ్చి, మనసు కుదుటఁబడిన పిదప దీని నిచ్చి, ప్రకరణప్రకరణమునకు సంభాషింపవలయును.

1969లో వెలువడిన నవీన్‌గారి అంపశయ్య ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహమందలి రవియను విద్యార్థి పదునాఱుగంటల చిత్తవృత్తిని జూపును. ఇందుఁ గ్రియ స్వల్పము, తలపు బహుళము. తన్ను దాను బరీక్షించుకొనఁ దలఁచువానికిది దీపము, తన యద్దమును మాత్రమే వెదకువానికి మత్తు. దీనిని బై రెండింటి పిదపనే చదివింపవలయును.

ఇంతవఱకుఁ జెప్పినవన్నియుఁ బురుషనాయకములు. మన తరగతులలోఁ గూర్చుండు బాలికల కివి చాలవు. గుంటూరున 1950లో జన్మించి, తెనాలి కళాశాలలో నధ్యాపకురాలుగా నుండిన ఓల్గాగారి స్వేచ్ఛ (1987) ఈ కొఱఁతఁ దీర్చును. అరుణ పుట్టినింటి కట్టుబాట్లనుండి విడివడుటకు వివాహమే తెరువనుకొనును. ఆ వివాహమందే వేఱొక కట్టుబాటును గని, తుద కా యిల్లును విడుచును. మొదటి నిర్ణయమును దనదే, రెండవదియుఁ దనదే. స్వతంత్ర యను మాటకు వైయాకరణుఁ డిచ్చు నర్థ మిక్కడఁ గథగా నిలిచినది. ఆమె నిర్ణయమును మెచ్చనివారు సైతము గ్రంథమును మెచ్చవలసియుండును. మతభేదము పఠనయోగ్యతకు బాధకము కాదు.

ధాత్వర్థమున వ్యాపారము, ఫలము అని రెండంశములు గలవు. వ్యాపారమునకు నాశ్రయము కర్త, ఫలమునకు నాశ్రయము కర్మ. నవలఁ జదివిన విద్యార్థిచే నొక పుటలో మూఁడు సంగతులు వ్రాయింపుఁడు: ప్రేరేపించిన దేది, చేసినవా రెవరు, ఫలము ననుభవించినవా రెవరు. సీతారామారావు వ్యాపారమునకు ఫల మాతని యిల్లాలిపైఁ బడినదని వ్రాయఁగలిగిన విద్యార్థి నవలను సరిగాఁ జదివినవాఁడు. ఈ మూఁడు ప్రశ్నలకు నుత్తర మీయఁజాలని నవల, నాయకుని వయస్సెంతయైనను, కళాశాల గ్రంథాలయమునకు నావశ్యకము కాదు.